నిలబడి తినరాదు

జైతూన్ బీ నోటికి జడిసి పాతపట్నంలో కోళ్ళు కూడా ఆమె ఉండే సందులోకి రావని ఆమె తోడికోడలు ఆమినాబీ చెప్పుకు తిరిగేది. శుద్ధ అబద్ధం. కోళ్ళు వచ్చేవి, తిరిగేవి, జైతూన్ బీ గుమ్మం పక్కనే గుడ్లు కూడా పెట్టేవి. రావడం మానేసింది చుట్టాలు. అది కూడా ఇద్రీస్‌కి దగ్గు పట్టుకున్నాకే.

ఇద్రీస్ ఆమె మొగుడు. బేకరీలో రొట్టెలు కాల్చేవాడు. బట్టీ సెగా, మైదా ధూళీ కలిసి మనిషి ఊపిరితిత్తుల్ని తినేశాయి. ఇక బట్టీ ముందు నిలబడితే ప్రాణానికి హామీ లేదని డాక్టరు చెప్పేశాడు. ఇద్రీస్ మెత్తని మనిషి. ఆ మాట విని ఇంటికొచ్చి, పెళ్ళాం మొహం చూడలేక గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

అప్పుడు దిగాడు అన్నగారు గులాం మొహమ్మద్. పాతపట్నంలో బట్టల కొట్టు, నలుగురిలో పరపతి, మసీదులో ముందు వరుస. "అద్దిల్లు ఖాళీ చేసెయ్యండి. మా వెనక గది ఉంది. జైతూన్ వంట చూసుకుంటుంది, మీ ఇద్దరి తిండీ నాది," అన్నాడు. విన్నవాళ్ళంతా అబ్బ, అన్నంటే అలా ఉండాలి అన్నారు. జైతూన్ బీ మాత్రం ఆ మాటకి పొంగలేదు. పెళ్ళయిన కొత్తలో చాలా ఏళ్ళు ఆ ఇంట్లోనే ఉండి వచ్చిన మనిషి. ఆ వంటింటి గోడకి ఏ మూల మసి ఎంత మందాన ఉంటుందో కూడా ఆమెకి తెలుసు.

"నాను ఎల్లను," అంది ఇద్రీస్‌తో, అన్నగారు వెళ్ళాక.

"మరి తినడానికి?" అన్నాడు ఇద్రీస్.

"రొట్టె కాల్చడం నీకొచ్చు. గుడ్డు కాల్చడం నాకొచ్చు. ఇసాపట్నంలో ఆకలేసినోల్లు సచ్చిపోనారేటి?"

అదీ కథ. బస్సుల కాంప్లెక్సుకి అవతల, ద్వారకా నగర్‌లో ఒక సందులో కాలేజీ ఆడపిల్లల ప్రైవేటు హాస్టలుంది. దాని గేటుకెదురుగా జైతూన్ బీ బ్రెడ్డామ్లెట్టు బండి పెట్టింది. మగపిల్లల హాస్టళ్ళ దగ్గర బేరం ఎక్కువే కానీ అక్కడ అప్పటికే బజ్జీల బళ్ళు, పునుగుల బళ్ళు మోచేతులతో పొడుచుకుంటున్నాయి. ఇక్కడ ఒక్క బండీ లేదు. ఎందుకు లేదని ఆమె ఎవర్నీ అడగలేదు. అడిగి ఉంటే, ఆడపిల్లలు రోడ్డు మీద తినరమ్మా అని చెప్పి ఉండేవారు. బుర్ఖా వేసుకుని, మొహం మీద ముసుగు వెనక్కి తోసుకుని, పంపు స్టవ్వు కొట్టడం మొదలుపెట్టింది.

ఆ హాస్టలు తిండి గురించి ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. అందులో సాంబారు అనే పేరుతో వేడినీళ్ళు పోసేవారు. పప్పులో పప్పు కోసం వెతుక్కోవాలి, అన్నంలో రాళ్ళు మాత్రం వెతక్కుండానే దొరికేవి. పొద్దున్న ఉప్మా మిగిలితే సాయంత్రం దానికే నిమ్మకాయ పిండి పులిహోర అనేవారు. నాలుగింటికి కాలేజీ నుంచి వచ్చిన పిల్లకి ఎనిమిదింటి దాకా పచ్చి మంచినీళ్ళు తప్ప గతి లేదు. పోనీ బయట తింటామా అంటే, అదీ కూడదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత ఆ హాస్టల్లోనే పుట్టి ఉండాలి.

వార్డెను భ్రమరాంబ గారు కాకినాడ మనిషి. చెడ్డావిడ అంటే కళ్ళుపోతాయి. పిల్లలకి జ్వరమొస్తే పక్కన కూర్చుని మిరియాల కషాయం పట్టించేది. కానీ పరువు అనే మాట ఆవిడ నెత్తికెక్కి కూర్చుంది. ఆడపిల్ల నోరు కదుపుతూ రోడ్డు మీద కనిపిస్తే తన మొహానే ఎవరో ఉమ్మినట్టు విలవిల్లాడిపోయేది. కాబట్టి మొదట్లో అంతా పార్సిళ్ళే. పిల్లలు గేటు సందులోంచి చెయ్యి పెట్టేవారు, జైతూన్ బీ పేపర్లో చుట్టిన ఆమ్లెట్టు ఆ చేతిలో పెట్టేది. పార్సిలు చున్నీ కిందకి పోయేది, చున్నీ మెట్లెక్కి పోయేది. భ్రమరాంబ గారికి నూనె వాసన తగిలేది గాని మనిషి దొరికేది కాదు.

ఆ చేతుల్లో ఒక చెయ్యి నూకాలుది. ఆనందపురం దగ్గర రైతు ఇంటి పిల్ల, డిగ్రీ రెండో ఏడు. ఇంట్లో మూడు పూటలా కుంచాలకి కుంచాలు వండే చోట పెరిగిన పిల్లకి హాస్టలు గరిటె ఏ మూలకి? "బూబమ్మా, కడుపులో ఎలకలు పరిగెడతన్నాయే, బేగియ్యే," అని గేటు ఊచలు పట్టుకుని గోల పెట్టేది. బూబమ్మ అని మొదట పిలిచింది నూకాలే, తర్వాత హాస్టలంతా అదే పిలుపు.

ఆ రోజుల్లోనే నూడిల్సు దిగాయి. రెండు నిమిషాల్లో వండుకోవచ్చని కొత్తగా వచ్చిన టీవీలో చూపిస్తే, ద్వారకా నగర్ షాపుల్లో పిల్లలు ఎగబడి కొన్నారు. గదిలో దాచుకున్న కరెంటు హీటరు మీద వండుకోబోయారు. రెండు నిమిషాలూ కాకముందే ఫ్యూజు టప్పుమంది, హాస్టలంతా చీకటయింది. భ్రమరాంబ గారు టార్చిలైటు పట్టుకుని గదిగదికీ తిరిగి హీటర్లన్నీ పట్టుకుపోయింది. ప్యాకెట్లు మాత్రం పెట్టెల్లో మిగిలిపోయాయి.

మర్నాడు నూకాలు రెండు ప్యాకెట్లు బండి మీద పడేసి, "బూబమ్మా, ఇది వండి పెట్టవా? రెండు నిమిసాలేనంట. నాను పుస్తకాలు పడేసొచ్చేత్తాను," అని లోపలికి పరిగెత్తింది.

జైతూన్ బీ ప్యాకెట్టు చింపి చూసింది. తెల్లగా, వంకర్లు వంకర్లుగా, చుట్టకట్టి ఉంది. ఓహో, సేమ్యా! పిచ్చిమొహాలు, విరగ్గొట్టుకోకుండా చుట్టచుట్టి అమ్ముతున్నారు అనుకుంది. లోపల చిన్న మసాలా పొట్లం కూడా కనపడింది. వాసన చూసింది. సేమ్యాలో మసాలా ఎవరేసుకుంటారు, షాపువాడు పొరపాటున పడేసి ఉంటాడని పక్కన పెట్టింది. టీకొట్టు నుంచి పాలు తెప్పించి, పంచదార పోసి, ఏలకులు దంచి, రంజాను నాడు ఇంట్లో చేసినంత శ్రద్ధగా, మనసు పెట్టి వండింది.

నూకాలు నలుగురు స్నేహితురాళ్ళని వెంటబెట్టుకుని వచ్చి ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఓలమ్మో! ఏటే బూబమ్మా, తియ్యగున్నాది?"

"సేమ్యా తియ్యగుండక సేదుగుంటాదేటి?"

"ఇది సేమ్యా కాదే! నూడిల్సు! కారంగా తినాల!"

"కారం సేమ్యా ఏ దేశంలో తింతారే గుంటా?" అని జైతూన్ బీ నిజంగానే కోప్పడింది. పిల్లలు నవ్వలేక కడుపులు పట్టుకున్నారు. నవ్వుతూనే గిన్నె అడుగు దాకా ఊడ్చేశారు. ఆ మసాలా పొట్లం ఏమైందంటే, జైతూన్ బీ దాన్ని ఆమ్లెట్లో వేసి చూసింది. అద్భుతంగా ఉందని ఆ రోజు తిన్నవాళ్ళు చెప్పారు.

మర్నాటి నుంచి కారంగానే వండింది. అయితే ప్యాకెట్టు మీది లెక్క ప్రకారం వండితే ఆమె జైతూన్ బీ ఎందుకవుతుంది? ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, పచ్చిమిరపకాయలు చీరి, గుడ్డు కొట్టి పోసి, చివర్లో ఇంత కొత్తిమీర. వాసన సందు దాటి కాంప్లెక్సు దాకా పోయేది. చిక్కల్లా ఒక్కటే. ఆమ్లెట్టయితే పార్సిలు కట్టొచ్చు. నూడిల్సు పేపర్లో చుడితే గదికి వెళ్ళేసరికి పోస్టర్లంటించే మైదా జిగురైపోతోంది. వేడి మీద, పళ్ళెంలో, అక్కడికక్కడే తినాలి. అంచేత పిల్లలు గేటు దాటారు. ఒకరు, ఇద్దరు, పదిమంది. బండి చుట్టూ నిలబడి, సత్తు పళ్ళాలు చేత్తో పట్టుకుని, నోరు కాలితే హా హా అంటూ, పట్టపగలు, అందరూ చూస్తుండగా తిన్నారు.

భ్రమరాంబ గారు మేడ మీంచి ఈ ఘోరం చూసింది. సాయంత్రానికి నోటీసు బోర్డు మీద చాక్‌పీసుతో పెద్ద అక్షరాలు వెలిశాయి: విద్యార్థినులు బండి వద్ద నిలబడి తినరాదు.

జైతూన్ బీకి ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు చదవడం రాదు. నూకాలు ఆ ముక్క అప్పజెప్పగానే అట్లకాడ ఆపి, "ఏటీ, మల్లీ సెప్పు," అంది.

"నిలబడి తినరాదు."

"నిలబడా?"

"ఆఁ, నిలబడే."

మర్నాడు బండి పక్కన ఒక బల్ల వెలిసింది. బేకరీ వాళ్ళు పారేసిన, రొట్టెపిండి పిసికే పాత బల్ల. ఇద్రీస్ దగ్గుకుంటూనే దానికి కాళ్ళు బిగించి పంపాడు. పిల్లలు వరసగా దాని మీద కూర్చుని, పెద్దమనుషుల్లా కాళ్ళూపుకుంటూ తిన్నారు.

భ్రమరాంబ గారు గేటు దాకా వచ్చింది. "ఏంటమ్మా ఈ బల్ల?"

"కూకోడానికమ్మగారూ."

"తినొద్దని బోర్డు మీద రాశాను కదా!"

"నిలబడి తినొద్దని రాసినారమ్మగారూ. నిలబడి తింతే వొంటికి పట్టదని మా అమ్మ అనీది. మీరు సెప్పింది నాయమే కదా అనే బల్లేసినాను."

భ్రమరాంబ గారు గిరుక్కున తిరిగి వెళ్ళి, బోర్డు మీద 'నిలబడి' పక్కన 'గాని, కూర్చుని గాని' అని ఇరికించి రాసింది. ఆ పిల్లలేమైనా తక్కువా? నూకాలు పళ్ళెం పట్టుకుని లేచి నడవడం మొదలెట్టింది. దాని వెనక మిగతావాళ్ళు. బండి చుట్టూ ప్రదక్షిణం చేస్తూ నూడిల్సు తిన్నారు. నడుస్తూ తినకూడదని ఎక్కడ రాసుందండీ అని మేడ మీదకి కేకేశారు. తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళు బెదురుతాయా? భ్రమరాంబ గారు చాక్‌పీసు పారేసి హాస్టలు యజమానికి ఫోను చేసింది.

యజమాని శ్రీరామ్మూర్తి బెజవాడ వైపు నుంచి వచ్చి సిమెంటు వ్యాపారంలో పైకొచ్చిన మనిషి. మూడు హాస్టళ్ళున్నాయి, తెలివుంది. రోడ్డు మున్సిపాలిటీది, బండిని తాను కదపలేడని ఆయనకి తెలుసు. కానీ ఆడదాన్ని రోడ్డు మీంచి లేపాలంటే పోలీసుకన్నా ఇంట్లో మగవాడు గట్టి అని కూడా తెలుసు. ఆరా తీశాడు. మొగుడు జబ్బు మనిషి, బావగారికి బట్టల కొట్టుంది. నేరుగా ఆ కొట్టుకి వెళ్ళి, రెండు తువ్వాళ్ళు కొని, "మీలాంటి పెద్దవారి ఇంటి కోడలు అలా సందులో, కాలేజీ పిల్లల మధ్య... మాకే చూడ్డానికి బాగోలేదండీ," అన్నాడు. అంతే చాలు.

మర్నాడు సాయంత్రం గులాం మొహమ్మద్ ఆ సందులోకి వచ్చాడు. తెల్ల లాల్చీ, టోపీ, చేతిలో గొడుగు. పక్కన శ్రీరామ్మూర్తి. గేటులో భ్రమరాంబ గారు. మూకుట్లో నూడిల్సు అప్పుడే ఉడుకుపట్టాయి. మగవాళ్ళిద్దర్నీ చూసి, బల్ల మీది పిల్లలు పళ్ళాలు దించేశారు.

"లోపలికి నడవండి. ఇవాళ ఇక్కడ కనిపించిన ప్రతి పిల్ల తండ్రికీ రేపు కబురు వెళ్తుంది," అన్నాడు శ్రీరామ్మూర్తి.

పిల్లలు లేచారు. పెద్ద కబుర్లు చెప్పిన నూకాలు కూడా లేచింది. కబురు అందిన తండ్రి చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోతే ఎవరు ఆపుతారు? అందరూ గేటులోకి తప్పుకున్నారు. బండి దగ్గర జైతూన్ బీ ఒక్కతే మిగిలింది.

గులాం మొహమ్మద్ దగ్గరికొచ్చి, పక్కవాళ్ళకి వినపడకుండా ఉర్దూలో అన్నాడు. "స్టవ్వు ఆపు. ముసుగు దించు. బండి అమ్మేయించే పూచీ నాది. ఇద్రీస్‌ని నేను రేపు ఇంటికి తీసుకెళ్ళిపోతున్నాను. నువ్వు వచ్చి వంటింట్లో నీ పని చూసుకో."

జైతూన్ బీకి మొగుడి సంగతి తెలుసు. ఇద్రీస్ అన్నగారికి ఎదురు చెప్పే మనిషి కాదు. ఆయన వచ్చి చెయ్యి పట్టుకుంటే గొర్రెపిల్లలా వెళ్ళిపోతాడు. మొగుడు వెళితే తానూ వెళ్ళాల్సిందే. ఇల్లు పోతుంది, బండి పోతుంది, మళ్ళీ ఆ వెనక గది, మళ్ళీ ఆ మసిగోడ. చెయ్యి దానంతటదే స్టవ్వు ఆపడానికి పోయింది. అది చూసి ఆమెకే ఒళ్ళు మండింది. ఎవరికి భయపడుతున్నాను, ఎందుకు భయపడుతున్నాను అని తన మీద తనకే కోపమొచ్చింది. ఆ కోపమే ఆమెని నిలబెట్టింది.

జవాబు ఉర్దూలో చెప్పలేదు. సందంతా వినేలా తెలుగులో చెప్పింది.

"ఇద్రీస్ వస్తానంటే తీసుకెల్లండి భాయీ. అన్నదమ్ములు, మీ ఇష్టం. నాను రాను."

"రాకపోతే ఏం తింటావ్?" ఈసారి ఆయనకీ తెలుగే వచ్చింది.

"ఇదే తింతాను."

అని ఒక సత్తు పళ్ళెం తీసి, మూకుట్లో ఉన్నదంతా అందులోకి ఒంపింది. స్టవ్వు ఆపింది. బుర్ఖా సర్దుకుని, పిల్లలు ఖాళీ చేసిన బల్ల మీద, సందుకి ఎదురుగా, మోకాళ్ళు దూరంగా పెట్టుకుని కూర్చుంది. పొద్దున్నుంచీ ఆమె ఏమీ తినలేదు. అసలు ఇన్ని నెలల్లోనూ ఆ బండి దగ్గర ఒక్క ముక్క నోట్లో వేసుకోలేదు. ఇంటికెళ్ళి, ఇద్రీస్‌కి పెట్టి, మిగిలింది తినడం అలవాటు.

ఇస్త్రీ షెడ్డు వాడు పెట్టె పక్కన పెట్టి చూస్తున్నాడు. టీకొట్టు దగ్గర నలుగురు నోళ్ళు తెరిచారు. పాతపట్నం కోడలు, బుర్ఖా మనిషి, బావగారి ఎదుట, నడివీధిలో కూర్చుని తినబోతోంది.

గులాం మొహమ్మద్ మొహం కందిపోయింది. "జైతూన్! ఇక్కడ ఒక్క ముద్ద నోట్లో పెట్టావంటే, మా ఇంట్లో నీకు జన్మలో మెతుకు పుట్టదు. ఆలోచించుకో."

"ఆలోచించినాను భాయీ." ఆమె గొంతు ఈసారి అరవలేదు. "మీ ఇంట్లో నాను ఎన్నేల్లు వండినానో మీకు గేపకం ఉందో నేదో. పెద్ద దేక్సా, ఇంటిల్లిపాదికీ. ముందు మగోల్లు, తరవాత పిల్లలు, తరవాత అత్త, తరవాత మీ ఆమినాబీ. అడుగున మాడు మిగిల్తే నాకు. అన్నేల్లల్లో నాను ఒక్క దినం ఏడేడిగా తిన్నేదు. మీరెవులూ అడగనూ నేదు. నానూ సెప్పనేదు. సల్లన్నమే ఆడదాని అన్నం అనుకున్నాను."

భ్రమరాంబ గారు గేటు ఊచ పట్టుకుని తల వంచుకుంది. మెస్సులో పిల్లలందరూ తిన్నాక తానూ రోజూ చివరికే కూర్చుంటుంది మరి. గేటు లోపల నూకాలు ఏడుస్తూ బయటికి వచ్చేసి, బల్ల రెండో కొసన కూర్చుంది. లోపలికి పొమ్మని భ్రమరాంబ గారు అనలేదు.

మర్నాడు ఇద్రీస్ అన్నగారితో వెళ్ళలేదనీ, జన్మలో మొదటిసారి ఆయనకి కాదని చెప్పాడనీ, బండి ఆ పై ఏళ్ళలోనూ ఆ సందులోనే ఉందనీ జనం తర్వాత చెప్పుకున్నారు. అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం జైతూన్ బీకి అదేమీ తెలియదు. ఇల్లు ఉంటుందో లేదో, మొగుడు ఉంటాడో లేదో తెలియదు. పళ్ళెంలోంచి ఆవిరి వస్తోంది, అదొక్కటే కనపడుతోంది. వేళ్ళతో ఇంత తీసి, ఉఫ్ఫని ఊది, నోట్లో పెట్టుకుంది. నాలిక చుర్రుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో ముద్ద తీసింది.

శ్రీరామ్మూర్తి గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, నీకు మంచిగా చెబుతున్నాను..."

జైతూన్ బీ ఎడమ చెయ్యి ఎత్తి ఆపింది.

"మాటాడించకండి బాబూ. సల్లారిపోద్ది."